పెంచడమా, పండించడమా? డచ్ ‘క్వేకెన్’ గీసిన గీత

ఒంట్లో ఏ సూక్ష్మజీవి చేరిందో తేలనప్పుడు మన డాక్టర్లు ‘కల్చర్‌కి పంపిద్దాం’ అంటారు. రెండు మూడు రోజులు టెన్షన్‌గా ఎదురుచూస్తే రిపోర్ట్ వస్తుంది. నెదర్లాండ్స్‌లో ఆ పరీక్ష పేరు ‘క్వేక్’. రక్తానికి చేస్తే ‘బ్లూట్‌క్వేక్’, మూత్రానికి చేస్తే ‘యురీనెక్వేక్’. ఆ ఆస్పత్రి నుంచి బయటికి వచ్చి మొక్కలు కొనడానికి నర్సరీకి వెళ్తే, గేటు మీద బోర్డు ‘క్వేకరై’. దాన్ని నడిపే మనిషి ‘క్వేకర్’. (ఓట్స్ డబ్బా మీది క్వేకర్‌కూ ఈయనకూ చుట్టరికం లేదు. ఆ మాట ఇంగ్లిష్‌లో వణకడం అనే అర్థం నుంచి వచ్చింది.) చేపల కొట్టులో సాల్మన్ ముక్క పక్కన చీటీ మీద ‘ఖెక్వేక్ట్’ అని ఉంటే, అది సముద్రంలో వలకు చిక్కింది కాదు, పెంచింది అని అర్థం. బాండు మీద పోగవుతూ ఇంకా చేతికి రాని వడ్డీని బ్యాంకులు ‘ఖెక్వేక్తె రెంతె’ అంటాయి. అంటే పెంచుతున్న వడ్డీ అన్నట్టు. నవ్వుకోనక్కరలేదు, మన ‘వడ్డీ’ కూడా ‘వృద్ధి’ అనే సంస్కృత మాట నుంచి వచ్చిందే.

ఇవన్నీ ‘క్వేకెన్’ అనే ఒకే క్రియ పిల్లలు. దక్షిణాఫ్రికాలో డచ్ నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్ భాషలో ఇది కుదించుకుపోయి ‘క్వేక్’ అయింది. నిఘంటువు తీస్తే ‘సాగు చేయడం, పెంచడం, వృద్ధి చేయడం’ అని అర్థాలు కనిపిస్తాయి. అవి తప్పు కాదు, కానీ చాలవు. ఎందుకంటే సాగుకూ పెంపకానికీ డచ్ భాషలో వేరే మాటలు ఉన్నాయి. అవన్నీ ఉండగా ఈ మాటకు మిగిలిన పని ఏమిటన్నదే అసలు ప్రశ్న.

పొలంలో గోధుమ, చక్కెర దుంప, బంగాళదుంప వేసేదాన్ని ‘ఫెర్‌బౌవెన్’ అంటారు. గాజు గృహాల్లో టమాటా, క్యాప్సికం పండించే రైతు చేసేది ‘తేలెన్’. ఆవులు, గుర్రాలు, కుక్కల్ని ఈనించి జాతి నిలబెట్టేవాళ్ళు చేసేది ‘ఫొకెన్’. మిగిలింది క్వేకెన్: నారు మొక్కలు, గులాబీలు, పండ్ల చెట్ల అంట్లు, చేపలు, ఆల్చిప్పలు, కానరీ పిట్టలు, సూక్ష్మజీవులు. బెల్జియంలో డచ్ మాట్లాడే ఫ్లాండర్స్ వైపు పందేల పావురాల పిచ్చి ఎక్కువ. అక్కడ జత కట్టించే పావురాన్ని ‘క్వేక్‌డౌఫ్’ అంటారు. గీతలు ఇంత చక్కగా ఉన్నాయని కాదు. టమాటాను తేలెన్ అన్నా క్వేకెన్ అన్నా తప్పు పట్టేవాళ్ళు తక్కువ. కానీ ఆవును క్వేకెన్ అంటే మాత్రం డచ్ చెవికి అది వింతే. ఏదో ప్రయోగశాలలో సీసాలో ఆవును పెంచుతున్నారేమో అనిపిస్తుంది.

మన దగ్గరా ఇలాంటి గీతలు తక్కువేమీ లేవు. వరి పండిస్తాం, వరిని పెంచుతాం అనం. గులాబీ మొక్కను పెంచుతాం, గులాబీని పండిస్తాం అనడం అరుదు. పండించేవాడి చూపు చేతికొచ్చే గింజ మీద ఉంటుంది. పెంచేవాడి చూపు ఎదిగే ఒళ్ళు మీద ఉంటుంది. గేదెల్ని మేపుతాం. పిల్లల్ని సాకుతాం. కోళ్ళకూ పట్టుపురుగులకూ తేనెటీగలకూ ‘పెంపకం’. గోదావరి, కృష్ణా జిల్లాల్లో వరి చేలు చెరువులైపోయాక ‘చేపల పెంపకం’తో పాటు ‘రొయ్యల సాగు’ అన్న మాట కూడా స్థిరపడింది. సాగు అన్నది అప్పటిదాకా ఆ నేలకు అంటిపెట్టుకుని ఉన్న మాట. నేలలో వరి పోయి రొయ్య వచ్చినా మాట కదల్లేదు. తెలుగు గీత కొంత పంటను బట్టి, కొంత ఆ పని చేసే చోటును బట్టి నడుస్తుందని దీన్ని బట్టి అనుకోవచ్చు. డచ్ గీత వేరే చోట ఉంది. ఎక్కడుందో చూడాలంటే మాట పుట్టుక దాకా వెళ్ళాలి.

క్వేకెన్ మూలం ‘క్విక్’. పాత జర్మానిక్ భాషల్లో దానికి ‘ప్రాణమున్న’ అని అర్థం. ఇంగ్లిష్‌లో ఇప్పుడు వేగం అనే అర్థంలో వాడుతున్న ‘క్విక్’ అదే మాట. ప్రాణమున్నది కదులుతుంది, కదిలేది వడిగా ఉంటుంది, అలా అర్థం జారింది. డచ్‌లో పాదరసం పేరు ఇప్పటికీ ‘క్విక్’. ఒకప్పటి ‘క్విక్‌జిల్వర్’, అంటే ప్రాణమున్న వెండి, కుదించుకుపోయి అలా మిగిలింది. తోకను అదేపనిగా ఆడించే ఒక చిన్న పిట్ట ఉంటుంది, దాని పేరు ‘క్విక్‌స్టార్ట్’. ఆగని తోక అన్నమాట. ఈ మూలాన్ని ఇంకా వెనక్కి తీసుకెళ్తే ఇండో-యూరోపియన్ భాషల ఉమ్మడి ధాతువు తగులుతుంది. దాని నుంచే లాటిన్‌లో ‘వీవుస్’ వచ్చింది, గ్రీకులో ‘బియోస్’ వచ్చింది, సంస్కృతంలో ‘జీవ’ వచ్చింది. జర్మానిక్ భాషల్లో పాత ‘గ్వ’ ధ్వని ‘క్వ’గా మారడం మామూలే. అంటే తెలుగులో సంస్కృతం నుంచి తెచ్చుకున్న జీవం, జీవి, జీవితం అన్న మాటలకు డచ్చివాళ్ళ క్వేకెన్ దూరపు దాయాది. క్వేకెన్‌ను మక్కికి మక్కి విప్పితే వచ్చేది ‘జీవం ఉండేట్టు చేయడం’.

ఇక్కడ ఇంకో ముచ్చట చెప్పకుండా ఉండలేం. తెలంగాణ, రాయలసీమ ఊళ్ళలో గొర్రెల్నీ మేకల్నీ ‘జీవాలు’ అంటారు. ‘జీవాలు తోలుకుపోయిండు’, ‘జీవాలకు రోగం తగిలింది’ అన్న మాటలు అందరూ విన్నవే. డేనిష్ భాషలో పశువుల్ని ‘క్వేగ్’ అంటారు. అదీ ఈ ‘ప్రాణమున్న’ అనే మాట నుంచి పుట్టిందే. ఇద్దరికీ సంపద అంటే ముందు ప్రాణంతో తిరిగే సంపదే కాబట్టి, వేల మైళ్ళ దూరంలో ఉన్న ఇద్దరు కాపరులు తమ మందకు ఒకే పేరు పెట్టుకున్నారు. ఒకరి మాటను ఇంకొకరు వినకుండానే.

డచ్ గీత ఇప్పుడు కొంచెం కనిపిస్తుంది. క్వేకెన్ చేసే మనిషి వస్తువును తయారు చేయడు. ప్రాణం తనంత తాను రెట్టింపయ్యేందుకు కావలసిన తడి, వేడి, మేత, నీడ అమర్చి పక్కకు తప్పుకుంటాడు. ల్యాబ్ టెక్నీషియన్ చిన్న గాజు పళ్ళెంలో చేసేది అదే, నర్సరీవాడు మడిలో చేసేదీ అదే. గాజు పళ్ళానికీ మట్టి మడికీ మధ్య తేడా ఆ మాటకు పట్టదు. మన ఇళ్ళలో పాలలో చెంచాడు పెరుగు వేసి ‘తోడు పెట్టడం’ కూడా సరిగ్గా ఈ పనే. దానికి మనం ఎంత అందమైన మాట పెట్టుకున్నా, ఆస్పత్రి దాకా మాత్రం దాన్ని తీసుకెళ్ళలేదు.

ఈ మాటలోని ఎత్తిపొడుపు అంతా ఒక కలుపు మొక్కలో ఉంది. డచ్ రైతుకు ‘క్వేక్’ అంటే పరీక్షే కాదు, పొలాన్ని పట్టి పీడించే ఒక గడ్డి కూడా. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పెట్టరు. మట్టి కింద తెల్లటి కాడలతో పాకుతుంది. దుక్కి దున్నితే చావదు, నాగలి కోసిన ప్రతి ముక్కా ఒక కొత్త మొక్క అవుతుంది. ఆ కాడల కొసలు సూదుల్లా ఉండి బంగాళదుంపల్లోంచి కూడా దూసుకుపోతాయి. ఎంత చంపినా చావని ప్రాణం కాబట్టే దానికి ఆ పేరు. ఇంగ్లిష్‌లో ‘కౌచ్’, ‘క్విచ్’ అన్నా, జర్మన్‌లో ‘క్వెకె’ అన్నా అన్నీ ఒకే మూలానివి.

17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు ఆఫ్రికా దక్షిణ కొసకు చేరాక ఆ పేరు అక్కడ వేరే గడ్డికి అంటుకుంది. ఆఫ్రికాన్స్‌లో ‘క్వేక్’ అంటే సైనోడాన్ డాక్టిలాన్. తెలుగులో దాని పేరు గరిక. వినాయక చవితి నాడు పత్రిలో పెట్టే దూర్వాయుగ్మం ఇదే, చేలగట్ల మీద రైతు తిట్టుకుంటూ పీకేదీ ఇదే. యూరప్ క్వేక్, ఆఫ్రికా క్వేక్ వృక్షశాస్త్రం ప్రకారం వేర్వేరు మొక్కలు. బుద్ధి మాత్రం ఒక్కటే. గరిక కణుపు కణుపుకూ వేరు దించుకుంటుంది, ఎండాకాలం మాడిపోయినట్టే కనిపించి తొలకరికి పచ్చబడుతుంది. ఆఫ్రికాన్స్‌లో క్రియకు వేరే ప్రత్యయాలు లేవు కాబట్టి పెంచడం అనే పనీ, పెంచకపోయినా పెరిగే గరికా అక్షరం తేడా లేకుండా ఒకే మాట. పెరడు బాగు చేసే మనిషి అక్కడ క్వేక్ పీకేసి, ఆ చోట కూరగాయలు క్వేక్ చేస్తాడు.

పెంచే మనిషి చేతివాటం తెలియాలంటే ఒక బంగాళదుంప సంగతి చూడాలి. నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో సూమేర్ అనే పల్లె. అక్కడ బడిపంతులు కార్నెలిస్ లీవెస్ డి వ్రీస్. ఆయనకు దుంపల మీద మోజు. పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి అద్ది కొత్త రకాలు పుట్టించడం ఆయన తీరిక వేళల పని. పుట్టిన రకాలకు తన పిల్లల పేర్లు పెట్టేవాడు. పిల్లలు తొమ్మిది మంది, రకాలు అంతకంటే ఎక్కువయ్యాయి. పేర్లు అయిపోయాక తన దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి పేరు తీసుకున్నాడు. ఆ అమ్మాయి బింట్యే యాన్స్మా. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో సంకరం చేసి, 1910లో బయటికి వచ్చిన ‘బింట్యే’ దుంప పశ్చిమ యూరప్ అంతా పాకింది. బెల్జియంలో వేయించిన దుంప ముక్కలకు దశాబ్దాల పాటు అదే దిక్కు. ఆకుమాడు తెగులుకు తట్టుకోలేదని తెలిసినా రైతులు దాన్ని వదల్లేదు. ఆ బింట్యే 1976 దాకా బతికింది, తన పేరు ఊరూరా సంతల్లో బస్తాల మీద చూసుకుంటూ.

మన వైపు ఇలా జరిగితే? బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన వరి వంగడం ప్రభుత్వ కాగితాల్లో బీపీటీ 5204. జనం నోట్లో అది సాంబ మసూరి. మారుటేరు నుంచి వచ్చిన ఎంటీయూ 1010 రైతులకు ‘వెయ్యి పది’. అంకెను అలాగే పేరు చేసుకున్నారు. ఆ వంగడాల్ని పుట్టించిన మనుషుల పేర్లు మాత్రం బియ్యం తినే ఇళ్ళలో ఎవరికీ తెలియవు. దానికి భాష కూడా కొంత కారణమేమో. వంగడం పుట్టించే మనిషికి తెలుగులో ఒక మాట లేదు. పేపర్లు ‘శాస్త్రవేత్తలు రూపొందించారు’, ‘అభివృద్ధి చేశారు’ అని రాస్తాయి. యంత్రానికీ వరికీ ఒకే ‘రూపొందించారు’. డచ్ పేపరు అక్కడ క్వేకర్ అంటుంది. ఆ మాటకు బడిపంతులైనా, విశ్వవిద్యాలయ ప్రొఫెసరైనా ఒకటే.

మాట ఉంది కాబట్టి హక్కూ వచ్చింది అంటే మరీ అతిశయోక్తి. అయినా ‘క్వేకర్స్‌రెఖ్ట్’ అనే చట్టపు మాట నెదర్లాండ్స్‌లో చాలా ముందుగానే పుట్టింది. కొత్త వంగడం పుట్టించినవాడికి కొన్నేళ్ళ పాటు దాని విత్తనం మీద హక్కు ఇవ్వడం దాని సారం. 1941లో దానికి అక్కడ ఒక శాసనం వచ్చింది. బింట్యే పంతులు ఆ హక్కు పుట్టకముందే తన దుంప వదిలేశాడు. 1961లో పారిస్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంతో ఆ పద్ధతి దేశాలు దాటింది. వంగడం కొత్తదై ఉండాలి, మిగతావాటి నుంచి విడిగా గుర్తుపట్టేట్టు ఉండాలి, మొక్కలన్నీ ఒకేలా రావాలి, తరం మారినా గుణం మారకూడదు. ఈ షరతులు తీరితే హక్కు.

ఈ హక్కులో ఒక కిటికీ తెరిచి ఉంచారు. ఒకరి హక్కులో ఉన్న వంగడాన్ని ఇంకో క్వేకర్ తల్లిమొక్కగా వాడుకుని కొత్తది పుట్టించుకోవచ్చు, అనుమతి అడగక్కరలేదు. పేటెంట్‌లో ఈ వెసులుబాటు దాదాపు ఉండదు. అందుకే మామూలు సంకరంతో పుట్టిన బ్రోకలీ, టమాటాల మీద పేటెంట్లు అడిగినప్పుడు యూరప్‌లో పెద్ద గొడవ జరిగింది. 2015లో యూరప్ పేటెంట్ కార్యాలయం అప్పీలు బెంచి అలాంటి మొక్కలకు పేటెంట్ ఇవ్వొచ్చంది. 2020లో ఇవ్వకూడదని తన మాట తానే మార్చుకుంది. వాదన అంతా తిరిగి తిరిగి పాత ప్రశ్న దగ్గరికే వచ్చింది. మొక్కను మనిషి కనిపెట్టాడా, లేక పెరిగే ప్రాణానికి దారి చూపాడా? క్వేకెన్ అన్న మాట రెండోవైపే మొగ్గుతుంది. భారతదేశం 2001లో చేసిన చట్టం ఇంకో అడుగు వేసి, ‘బ్రీడర్’ నిర్వచనంలోనే రైతును కూడా చేర్చింది. తన పంటలోంచి మంచి వెన్ను ఏరి విత్తనం కట్టుకునే రైతు కూడా ఆ చట్టం కళ్ళకు వంగడం పుట్టించగల మనిషే. తెలుగు పల్లెల్లో తరతరాలుగా జరిగింది అదే కదా.

మొక్కల మడి నుంచి ఈ మాట బడిలోకి ఎలా దూరిందో చెప్పడానికి పెద్ద వివరణ అక్కరలేదు. లాటిన్‌లో ‘సెమినారియుమ్’ అంటే నారుమడి. పూజారుల్ని తయారు చేసే బడికి చర్చి ఆ పేరు పెట్టింది. డచ్చివాళ్ళు దాన్ని తమ భాషలోకి తిప్పుకుని ‘క్వేక్‌స్ఖోల్’ అన్నారు. 1785లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నావికుల కోసం ఒక క్వేక్‌స్ఖోల్ పెట్టారు. తర్వాత టీచర్లను తయారుచేసే కాలేజీలకు ఆ పేరు స్థిరపడింది, 1968లో చదువుల చట్టం మారాక ‘అకాడమీ’ అనే మాట దాన్ని తోసేసింది. అక్కడ చదివే కుర్ర టీచరు ‘క్వేకెలింగ్’. అంటే నారుమొక్క. దక్షిణాఫ్రికాలో స్టెలెన్‌బాష్ ఊళ్ళో 1859లో మొదలైన మతవిద్యాలయాన్ని ఊరివాళ్ళు ‘క్వేక్‌స్కూల్’ అనే పిలిచారు. మన సెమినార్ హాళ్ళకూ ఆ నారుమడే పుట్టిల్లు, కాకపోతే అక్కడ మొలిచేది ఎక్కువగా నిద్ర. ‘నర్సరీ’ కూడా చూడండి. కడియంలో మొక్కలు కొనే చోటూ నర్సరీయే, మూడేళ్ళ పిల్లను ఏడుస్తుంటే దింపివచ్చే చోటూ నర్సరీయే. ఇంగ్లిష్ ద్వారా మనం ఆ పోలికను ఎరువు తెచ్చుకున్నాం.

నీళ్ళలోనూ ఇదే లెక్క. నెదర్లాండ్స్‌లోని జీలాండ్ తీరంలో ఆల్చిప్పలు పెంచేవాళ్ళు వాడెన్ సముద్రం నుంచి చిన్న చిన్న పిల్ల ఆల్చిప్పల్ని తెచ్చి ఊస్టర్‌స్ఖెల్డె నీళ్ళ అడుగున తమ వాటా మడుల్లో ‘చల్లుతారు’. ఆ పిల్లల్ని ‘మొసెల్‌జాడ్’, అంటే ఆల్చిప్ప విత్తనం అంటారు. భీమవరం వైపు రొయ్యల రైతు హేచరీ నుంచి పిల్లలు తెచ్చుకుని ‘సీడ్ వేశాం’ అంటాడు. ఇద్దరూ నీళ్ళలో దిగినా మనసులో నేల దున్నుతూనే ఉన్నారు.

పెంచడానికి లొంగని ప్రాణం ఎదురైనప్పుడు ఏమవుతుంది? నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊళ్ళో మార్టినుస్ బేయరింక్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఉండేవాడు. బ్యాక్టీరియాను విడదీసి పెంచడంలో ఆయన చేయి తిరిగినవాడు. పొగాకు ఆకుల మీద మచ్చలు తెచ్చే తెగులును పట్టుకోవాలని చూశాడు. రోగం తగిలిన ఆకుల రసాన్ని, బ్యాక్టీరియా దూరలేని పింగాణీ వడపోత గుండా వడకట్టాడు. వడకట్టిన రసమూ రోగం తెచ్చింది. పోనీ పళ్ళెంలో పెంచుదామంటే పెరగలేదు. బతికున్న ఆకులో మాత్రం రెట్టింపవుతూ పోయింది. 1898లో ఆయన దానికి లాటిన్‌లో పెట్టిన పేరుకు అర్థం ‘ప్రాణమున్న ద్రవరూప అంటు’. అందులోని ‘వీవుమ్’ మళ్ళీ మన జీవం, వాళ్ళ క్విక్. వైరస్ అనే జాతి ఉందని సైన్సుకు తెలిసింది అలా, ఒక క్వేక్ ఫెయిల్ అవడం వల్ల.

ఆ పాఠం డచ్ తోటమాలులకు అంతకు రెండున్నర శతాబ్దాల ముందే ఎదురైంది, కాకపోతే వాళ్ళకు అర్థం కాలేదు. 1636, 37ల్లో ట్యులిప్ గడ్డల ధరలు ఆకాశానికి ఎగబాకి కూలినప్పుడు, అన్నిటికంటే గొప్పగా చూసినవి తెలుపు మీద ఎర్రటి జ్వాలల్లాంటి చారలున్న పూలు. సెంపర్ ఆగస్టుస్ అనే రకం అందులో మేటి. ఆ చారలు ఏ గడ్డకు వస్తాయో, ఎప్పుడు వస్తాయో ఏ క్వేకర్‌కూ తెలిసేది కాదు. విత్తనం వేస్తే వచ్చేవి కావు, పిల్లగడ్డలతోనే వచ్చేవి. వచ్చిన గడ్డ ఏటేటా నీరసించేది. అది వైరస్ పని అని 1928లో ఇంగ్లండ్‌లో డొరొతీ కేలీ తేల్చింది. పేనుబంక పురుగులు దాన్ని గడ్డ నుంచి గడ్డకు మోస్తాయి. ఊళ్ళో ఇళ్ళ ధరలతో పోల్చిన పువ్వు అందం నిజానికి జబ్బు. దాన్ని ఎవరూ పెంచలేదు, అది వాళ్ళ తోటల్లో తనంత తాను పెరిగింది. గడ్డి క్వేక్ లాగానే.

మాటలు ఊరుకోవు. 2013 ఆగస్టు 5న మాస్ట్రిఖ్ట్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ మార్క్ పోస్ట్ లండన్‌లో ఒక హాంబర్గర్‌ను వంటవాడి చేత వేయించి చూపించాడు. ఆవు కండరం నుంచి తీసిన కణాల్ని ప్రయోగశాలలో పెంచి చేసిన మాంసం అది. ఆ ఒక్క ముక్కకూ అయిన ఖర్చు 2,50,000 యూరోలు. తెలుగు పేపర్లలో ఇలాంటిదాన్ని ‘కృత్రిమ మాంసం’ అనో ‘ల్యాబ్ మాంసం’ అనో రాస్తారు. కృత్రిమం అనగానే సగం చదువరులకు నోట్లో ప్లాస్టిక్ రుచి తగులుతుంది. డచ్‌లో దాని పేరు ‘క్వేక్‌వ్లేస్’. చేపకూ గులాబీకీ వాడే మాటే. పేరు మంచిదైనంత మాత్రాన అక్కడ అది కొట్లలోకి వచ్చేయలేదు, 2023లో ప్రభుత్వం నియంత్రిత రుచి పరీక్షలకు మాత్రం దారి ఇచ్చింది. అయినా మాట తన పని తాను చేసింది. చర్చ ‘నిజమా, నకిలీయా’ అని కాకుండా ‘దేని మీద పెంచారు’ అన్నవైపు తిరిగే వీలిచ్చింది. ఆ ప్రశ్న పదునైనదే. మొదట్లో ఆ కణాల మేతలో ఆవు కడుపులోని దూడ పిండం రక్తం నుంచి తీసిన సీరం ఉండేది. పశువును చంపకుండా మాంసం అన్న వాగ్దానానికి అది పెద్ద చిక్కే.

ఈ మాటను ప్రాణం లేనిదానికీ అతికించిన సందర్భం ఒకటుంది. యురేనియంలో మండడానికి పెద్దగా పనికిరాని రకం, న్యూట్రాన్‌ను మింగి ప్లూటోనియం అవుతుంది. తాను కాల్చినదానికంటే ఎక్కువ ఇంధనం పుట్టించే రియాక్టర్‌ను కల్పాక్కం వార్తల్లో ‘ఫాస్ట్ బ్రీడర్’ అని చదువుతుంటాం. డచ్‌లో అది ‘క్వేక్‌రెయాక్టర్’. రైన్ నది ఒడ్డున జర్మనీలోని కల్కార్‌లో, డచ్ సరిహద్దుకు దగ్గరలో అలాంటిది కట్టడానికి జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్ కలిశాయి. 1973 నుంచి డచ్ ప్రజల కరెంటు బిల్లుల మీద దీని కోసం 3 శాతం అదనంగా వేశారు. వ్యతిరేకత వీధుల్లోకి వచ్చింది. సుమారు 700 కోట్ల మార్కులు (అప్పటి జర్మన్ డబ్బు) పోసి కట్టడం పూర్తి చేశారు. ఇంధనం మాత్రం ఎప్పుడూ వేయలేదు. 1991లో మూసేశారు. తర్వాత ఒక డచ్ వ్యాపారి కొని దాన్ని వినోదాల పార్కు చేశాడు. పొగమంచు కక్కాల్సిన కూలింగ్ టవర్‌లో ఇప్పుడు పిల్లలు గాల్లో ఊయలలూగుతున్నారు.

ఇంకో వైపు పోలీసు వార్తల్లో ‘హెనెప్‌క్వేకరై’ అని తరచూ కనిపిస్తుంది. అంటే గంజాయి నర్సరీ. అద్దె ఇంటి అటకల మీద దీపాలు పెట్టి, కరెంటు దొంగిలించి పెంచేవి. బోర్డు మీద గులాబీలకు రాసే మాటే ఎఫ్ఐఆర్‌లోనూ. కాఫీ షాపులనే చోట్ల కొద్దిపాటి గంజాయి అమ్మకాన్ని చూసీ చూడనట్టు వదిలేసి, అక్కడికి సరుకు పెంచి పంపడాన్ని మాత్రం నేరంగా ఉంచిన విడ్డూరం ఆ దేశానిది. 2023 డిసెంబర్‌లో బ్రెడా, టిల్‌బర్గ్ ఊళ్ళలో లైసెన్సున్న క్వేకర్ల సరుకుతో ఒక ప్రయోగం మొదలైంది.

ఆఫ్రికా వైపు మాట ఇంత దూరం పోలేదు, మట్టిని వదల్లేదు. 1652లో డచ్ ఈస్టిండియా కంపెనీ కేప్‌లో, అంటే ఆఫ్రికా దక్షిణ కొసన, దిగిందే కూరగాయల కోసం. ఆసియాకు పోయే ఓడల్లో నావికులు పళ్ళ చిగుళ్ళు కుళ్ళి చచ్చిపోతుంటే, మధ్యలో ఒక తోట కావలసి వచ్చింది. ఆ తోటకు తొలి పెద్ద తోటమాలి హెండ్రిక్ బోమ్. డచ్‌లో బోమ్ అంటే చెట్టు! ఈ కంపెనీ వర్తకులే అప్పటికి మచిలీపట్నంలో, పాలకొల్లులో కొట్లు తెరిచి ఉన్నారు. కాకపోతే ఇక్కడ వాళ్ళకు కావలసింది మన నేతబట్ట. పెంచాల్సిన అవసరం లేని చోట పెంచే మాట ఎలాగూ దిగబడదు.

కేప్‌లో తర్వాతి శతాబ్దాల్లో పెంచడానికి మొండికేసిన వాటిలో రూయిబాస్ ఒకటి. సెడర్‌బర్గ్ కొండల్లో తనంత తాను మొలిచే పొద, దాని ఆకులతో ఎర్రటి టీ కాస్తారు. విత్తనం చిన్నది, కాయ పగిలి దూరంగా ఎగిరి పడుతుంది, మొలవదు. 1930 ప్రాంతంలో క్లాన్‌విలియమ్ ఊరి డాక్టర్ పీటర్ నోర్టియర్ దాన్ని పట్టుకున్నాడు. అగ్గిపెట్టె నిండా విత్తనాలు తెచ్చినవాళ్ళకు డబ్బిస్తానన్నాడట. ఒక స్థానిక స్త్రీ చీమల బారు వెంట వెళ్ళి, పుట్టలో అవి దాచుకున్న విత్తనాల కుప్ప చూసిందని అక్కడ చెప్పుకుంటారు. విత్తనం పైపొరను గీరితే మొలుస్తుందని డాక్టర్ కనిపెట్టాడు. ఆయన పేరు పుస్తకాలకెక్కింది, చీమల వెంట నడిచిన మనిషి పేరు లేదు.

స్టెలెన్‌బాష్‌లోనే 1925లో ప్రొఫెసర్ అబ్రహాం పెరోల్డ్ రెండు ద్రాక్ష రకాల్ని, పినో న్వార్, అక్కడ హెర్మిటేజ్ అని పిలిచే సాన్సో, కలిపి చూశాడు. దక్కింది నాలుగే గింజలు. ప్రయోగాల పొలంలో పెట్టకుండా తన ఇంటి పెరట్లో పాతాడు. రెండు మూడేళ్ళకు వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, వెళ్తూ ఆ మొక్కల సంగతి మరిచిపోయాడు. ఇల్లు ఖాళీగా ఉంది, పెరడంతా పిచ్చిమొక్కలు కమ్మేశాయి. విశ్వవిద్యాలయం ఆ కలుపు కొట్టించడానికి కూలీల్ని పంపింది. అటుగా పోతున్న నీహౌస్ అనే కుర్ర లెక్చరర్‌కు అక్కడ ద్రాక్ష మొలకలుండాలని గుర్తొచ్చి, గొడ్డలి పడకముందే నాలుగింటినీ వేళ్ళతో సహా తవ్వుకుపోయాడు. 1961లో వైన్ సీసాల మీద మొదటిసారి కనిపించిన ‘పినోటాజ్’ అన్న పేరు ఆ నాలుగు మొలకలదే.